ఆటోమేటిక్ కారు తొక్కగానే కదలట్లేదా? ఆ ఒక్క సెకను వెనుక అసలు సంగతి ఇదీ.. హైవే యూటర్న్‌ల దగ్గర జాగ్రత్త!

సిగ్నల్ గ్రీన్ పడింది. బ్రేక్ మీంచి కాలు తీశారు, యాక్సిలరేటర్ తొక్కారు. కారు మాత్రం కదల్లేదు. వెనకాల ఆటో హారన్ మొదలైంది. కంగారులో ఇంకాస్త గట్టిగా తొక్కేసరికి ఒక్కసారిగా ముందుకు దూకింది.. మాన్యువల్ కారు నడిపి నడిపి ఆటోమేటిక్‌కు మారిన చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. "బండి ఎత్తుకోవట్లేదు", "పికప్ లేదు", "తొక్కితే ఆలోచించుకుని కదులుతోంది" అని షోరూమ్‌కి ఫోన్లు వెళ్లేది ఇలాంటప్పుడే.

చాలా సందర్భాల్లో ఇది రిపేరు కాదు, ఆ గేర్‌బాక్స్ స్వభావం. కొన్నిసార్లు మాత్రం నిజంగానే లోపం ఉంటుంది. ఏది స్వభావమో, ఏది లోపమో తెలియకపోతే రెండు రకాల నష్టం. బాగున్న కారుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిప్పడం ఒకటి. నిజంగా క్లచ్ అయిపోయిన కారుని "ఆటోమేటిక్ అంటే ఇంతేలే" అనుకుని కుటుంబంతో ఘాట్ రోడ్డు ఎక్కించడం రెండోది. రెండోదే ప్రమాదం.

ఒక్క సెకనే కదా అంటారా?

సిటీలో సిగ్నల్ దగ్గర ఒక సెకను ఆలస్యమైతే పోయేదేమీ లేదు, ఓ హారన్ వినాలి అంతే. అదే సెకను హైవే మీద డివైడర్ గ్యాప్ దగ్గర అయితే లెక్క మారిపోతుంది.

నాలుగు లేన్ల హైవేల మీద సరుకు వాహనాలకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, కార్లకు 100. గంటకు 80 కి.మీ. వేగంతో వచ్చే లారీ ఒక సెకనులో 22 మీటర్లు వచ్చేస్తుంది. 100తో వచ్చే కారు దాదాపు 28 మీటర్లు.

ఇప్పుడు మీ కారు సంగతి చూద్దాం. డివైడర్ గ్యాప్‌లో ఆగి ఉన్న 4 మీటర్ల చిన్న కారు, అవతలి వైపు రెండు లేన్లు దాటాలంటే రోడ్డు వెడల్పు 7 మీటర్లు, కారు పొడవు 4 మీటర్లు, మొత్తం 11 మీటర్లు కదలాలి. మామూలుగా తొక్కితే దీనికి సుమారు 4 సెకన్లు పడుతుంది. ఆ 4 సెకన్లలో లారీ 90 మీటర్లు దగ్గరకొస్తుంది. కారు కదలడానికి ఇంకో సెకను తడబడితే 110 మీటర్లు. అంటే 100 మీటర్ల దూరంలో లారీ కనిపించినప్పుడు "వెళ్లిపోవచ్చు" అనుకున్న డ్రైవర్ లెక్క.. మాన్యువల్ కారులో సరిపోయేది, ఈ కారులో సరిపోదు.

పైగా ఇది నేరుగా దాటడానికే. యూటర్న్ తీసుకుంటే కారు అదే రోడ్డు మీద, తక్కువ స్పీడులో, వెనకొచ్చే బండికి ఎదురుగా ఇంకా కొన్ని సెకన్లు ఉంటుంది. మన దగ్గర డివైడర్ పక్కనే ఉండేది ఫాస్ట్ లేన్ అన్న సంగతి కూడా మర్చిపోవద్దు. గ్యాప్‌లోంచి ముక్కు బయటపెట్టగానే అడుగుపెట్టేది అందరికంటే వేగంగా వచ్చే వాళ్ల దారిలోకే. హైదరాబాద్-విజయవాడ రూట్ లాంటి హైవేల మీద ఊళ్ల దగ్గర ఇలా దాటేవాళ్లు రోజూ కనిపిస్తారు. వాళ్లలో ఆటోమేటిక్ కార్లు పెరుగుతున్నాయి.

అసలు మీ కారులో ఉన్నది ఏ ఆటోమేటిక్?

ఈ ప్రశ్నకి చాలామంది ఓనర్ల దగ్గర సమాధానం ఉండదు. క్లచ్ పెడల్ లేకపోతే అంతా ఆటోమేటిక్కే అనుకుంటారు. కానీ మన మార్కెట్‌లో కనీసం నాలుగు రకాలున్నాయి. ఒకటి కదిలే తీరుకి, ఇంకోటి కదిలే తీరుకి పోలికే ఉండదు.

ఉదాహరణకి 2024 హ్యుందాయ్ క్రెటా తీసుకోండి. మామూలు పెట్రోల్ ఇంజిన్‌తో తీసుకుంటే వచ్చేది సీవీటీ రకం. టర్బో పెట్రోల్‌తో అయితే డీసీటీ. డీజిల్‌తో అయితే టార్క్ కన్వర్టర్. కారు ఒక్కటే, బయటికి చూస్తే లివర్ కూడా దాదాపు ఒకటే, లోపల మూడు వేర్వేరు యంత్రాలు. ఫోక్స్‌వాగన్ టైగున్, వర్టస్ వచ్చినప్పుడు కూడా అంతే. 1.0 లీటర్ ఇంజిన్‌కి టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్‌కి డ్యూయల్ క్లచ్ ఇచ్చారు. కాబట్టి "మా ఫ్రెండ్ దగ్గరా అదే కారుంది, వాడిది బాగానే కదులుతోంది" అనే పోలిక చాలాసార్లు పనికిరాదు.

ఏఎంటీ: పాత గేర్‌బాక్సే, కాలు మాత్రం మారింది

తక్కువ బడ్జెట్ ఆటోమేటిక్ కార్లలో ఎక్కువగా ఉండేది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మామూలు కుటుంబాల కార్లలోకి వచ్చింది. మారుతి దీన్ని ఏజీఎస్ అంటుంది, రెనో ఈజీ-ఆర్ అంటుంది, టాటా నేరుగా ఏఎంటీ అనే అంటుంది. పేరు ఏదైనా లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేటు, అవే గేర్లు. ఎడమ కాలు చేసే పనిని యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది, ఎప్పుడు చేయాలో కంప్యూటర్ చెప్తుంది. మాన్యువల్ కంటే 50 వేల రూపాయలు అటూ ఇటూగా మాత్రమే ఎక్కువ పెట్టి ఆటోమేటిక్ దొరికేది ఇందుకే.

మరి తడబాటు ఎక్కడి నుంచి వస్తోంది? మాన్యువల్ కారులో సిగ్నల్ మారే ముందే మీరు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. పక్క రోడ్డుకి రెడ్ పడటం చూస్తారు, ఫస్ట్ గేరు వేస్తారు, క్లచ్ కొద్దిగా వదిలి హాఫ్ క్లచ్ దగ్గర పట్టుకుంటారు. గ్రీన్ పడేసరికి బండి లేవడానికి సిద్ధంగా ఉంటుంది. అంటే ఆ ఒక్క సెకను మాన్యువల్‌లోనూ ఉంది, కాకపోతే మీరు ముందే ఖర్చు పెట్టేస్తున్నారు.

ఏఎంటీ కంప్యూటర్‌కి సిగ్నల్ కనపడదు. బ్రేక్ మీద కాలున్నంత సేపూ అది క్లచ్‌ని పూర్తిగా విడదీసి ఉంచుతుంది. మీరు బ్రేక్ వదిలాకే దాని పని మొదలవుతుంది. క్లచ్‌ని హాఫ్ క్లచ్ దాకా తేవాలి, ఇంజిన్ ఆగిపోకుండా ఆర్పీఎం కొంచెం పెంచాలి, ప్లేటు కాలిపోకుండా మెల్లగా కలపాలి. ఇదంతా అయ్యాక కారు లేస్తుంది. ఈ లోపు మీ కాలు పెడల్ మీద పడి, "ఏంటి కదలదేం" అని ఇంకా లోపలికి వెళ్లిపోతుంది. కంప్యూటర్ ఆ కొత్త ఆర్డర్ చూసి ఇంజిన్‌ని ఇంకా పెంచుతుంది. క్లచ్ కలిసే సమయానికి ఆర్పీఎం ఎక్కువైపోయి ఉంటుంది. అందుకే ముందు ఏమీ జరగదు, తర్వాత అంతా ఒక్కసారే జరుగుతుంది.

దీనికి మందు వింటే చాలా చిన్నదిగా అనిపిస్తుంది. బ్రేక్ నుంచి కాలు తీసి నేరుగా యాక్సిలరేటర్ మీద పడేయకూడదు. బ్రేక్ వదలండి, కారు తనంతట తాను గంటకు 5-6 కిలోమీటర్ల వేగంతో పాకడం మొదలుపెట్టనివ్వండి. దీన్నే క్రీప్ అంటారు. అది కదిలిందంటే క్లచ్ కలిసిందని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ పోతే కారు వెంటనే అందుకుంటుంది. మొదట్లో వచ్చిన కొన్ని ఏఎంటీ కార్లలో ఈ క్రీప్ ఉండేది కాదు. పాత కారు వాడుతున్నవాళ్లు తమ దాంట్లో ఉందో లేదో ఖాళీ స్థలంలో ఒకసారి చూసుకోవాలి.

సిగ్నల్ దగ్గర టైమర్ ఉంటే మరీ సులువు. 2 సెకన్లు ఉండగా బ్రేక్‌ని కొంచెం లూజ్ చేయండి. ముందు బండికి తగలకుండా గ్యాప్ ఉంచుకున్నారా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి.

డీసీటీ: పూర్తిగా ఆగితే బాగానే ఉంటుంది, సగం ఆగితేనే చిక్కు

డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5 గేర్లకి, ఇంకోటి 2, 4, 6 గేర్లకి. ఒక గేరులో వెళ్తుండగానే తర్వాతి గేరు రెడీగా ఉంటుంది కాబట్టి రన్నింగ్‌లో గేర్లు చకచకా మారతాయి. కానీ ఆగిన చోటు నుంచి లేవాలంటే ఇదీ క్లచ్‌ని మెల్లగా కలపాల్సిందే.

డీసీటీ ఓనర్లు ఎక్కువగా చెప్పే ఇబ్బంది మాత్రం వేరు. రౌండబౌట్ దగ్గరికో, స్పీడ్ బ్రేకర్ దగ్గరికో వస్తారు. కారు దాదాపు ఆగుతుంది, పూర్తిగా ఆగదు. ఇంతలో దారి దొరుకుతుంది, ఒక్కసారి తొక్కుతారు. ఆ క్షణంలో గేర్‌బాక్స్ రెండో గేరు నుంచి ఒకటికి దిగే పనిలో ఉంటుంది. ఇది ఆగబోతోందనుకుని సిద్ధమైంది, మీరేమో పరిగెత్తమన్నారు. వేసుకున్న ప్లాన్ రద్దు చేసుకుని కొత్తది వేసుకునే ఆ గ్యాపే మీకు తడబాటుగా తెలుస్తుంది. ఏఎంటీలోనూ ఇదే జరుగుతుంది, ఇంకొంచెం ఎక్కువగా.

ఇలాంటి చోట రెండే దారులు. పూర్తిగా ఆగి, మళ్లీ మొదటి నుంచి కదలడం. లేదా మాన్యువల్ మోడ్‌లోకి లాగి ముందే ఫస్ట్ గేరు వేసుకుని ఉండటం. మధ్యస్థంగా దొర్లుతూ చివరి క్షణంలో పెడల్‌ని నేలకి తొక్కడం అన్నిటికంటే చెత్త పద్ధతి. ఎందుకంటే పూర్తిగా తొక్కితే గేర్‌బాక్స్ "ఇంకా కింది గేరు కావాలేమో" అని మళ్లీ లెక్క వేసుకుంటుంది. సగం వరకు నిలకడగా తొక్కిన కారే ముందు కదులుతుంది.

డీసీటీల్లో డ్రై క్లచ్, వెట్ క్లచ్ అని రెండు రకాలు. వెట్ అంటే క్లచ్ నూనెలో మునిగి ఉంటుంది, వేడి తొందరగా పోతుంది. 2022లో టాటా ఆల్ట్రోజ్‌కి ఇచ్చింది ఈ రకమే. డ్రై క్లచ్ ఉన్న కార్లలో మాత్రం ట్రాఫిక్ జామ్‌లో బ్రేక్‌ని సగం నొక్కి పట్టుకుని అంగుళం అంగుళం పాకించే అలవాటు మానుకోవాలి. బ్రేక్ గట్టిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది, దానికి రెస్ట్. సగం నొక్కితే అది కలవాలా వద్దా అన్నట్టు రాసుకుంటూ వేడెక్కిపోతుంది. వేడెక్కిన క్లచ్‌ని కాపాడుకోవడానికి కంప్యూటర్ కారుని ఇంకా నెమ్మదిగా కదిలిస్తుంది, కొన్నిసార్లు వార్నింగ్ కూడా ఇస్తుంది. ముందు బండికి ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చాక ఒకేసారి కదలడం మేలు. ఆ ఖాళీలో బైకులు దూరతాయి అంటారా.. దూరతాయి, తప్పదు.

సీవీటీ, టార్క్ కన్వర్టర్, ఎలక్ట్రిక్.. వీటితో గొడవ తక్కువే

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది ద్రవం. ఒక ఫ్యాన్ తిరిగితే ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాన్ ఎలా తిరుగుతుందో అలా. బ్రేక్ మీద కాలున్నా ఆ కనెక్షన్ ఉంటూనే ఉంటుంది, అందుకే కాలు తీయగానే కదులుతుంది. సీవీటీల్లో గేర్ల బదులు బెల్టు, పుల్లీలు ఉంటాయి. చాలావాటిలో మొదట కదిలించడానికి టార్క్ కన్వర్టర్‌నే వాడతారు కాబట్టి స్టార్టింగ్ సాఫీగానే ఉంటుంది. గట్టిగా తొక్కితే ముందు సౌండ్ వచ్చి తర్వాత స్పీడ్ వస్తుంది, అది దాని నైజం. ఎలక్ట్రిక్ కార్లలో కలపాల్సిన క్లచ్చే లేదు. అక్కడ తడబాటు అనిపిస్తే ముందు చూడాల్సింది ఎకో మోడ్‌లో ఉందా అని.

అమెరికాలో కార్లు నడిపి ఇక్కడికి సెలవులకి వచ్చిన మనవాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది. అక్కడ వాళ్ల చేతికి వచ్చేది ఎక్కువగా టార్క్ కన్వర్టరో, సీవీటీయో. ఇక్కడ నాన్నగారి ఏఎంటీ తీసుకుని అదే ధీమాతో హైవే ఎక్కితే మొదటి యూటర్న్‌లోనే తేడా తెలుస్తుంది. తాళాలిచ్చేటప్పుడే "ఇది కొంచెం ఆగి కదులుతుంది" అని ఒక మాట చెప్పడం మంచిది.

గేర్‌బాక్స్ తప్పు కాకపోవచ్చు

తడబాటంతా గేర్‌బాక్స్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. ఇప్పుడొచ్చే చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్ల బలమంతా టర్బో తిరగడం మొదలయ్యాకే వస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ 700 నుంచి 900 ఆర్పీఎం మధ్య ఉంటుంది. టర్బో ఊపందుకోవాలంటే చాలా ఇంజిన్లలో 1,500-1,800 దాటాలి. ఆ మధ్యలో ఉన్నది ఒట్టి చిన్న ఇంజిన్ మాత్రమే. ఎండాకాలం ఏసీ ఫుల్లుగా పెట్టి, ఐదుగురు కూర్చుంటే ఆ ఖాళీ ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంకోటి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగిపోయే స్టార్ట్-స్టాప్ ఫీచర్. బ్రేక్ వదిలితే ఇంజిన్ స్టార్ట్ అవ్వాలి, తర్వాత క్లచ్ కలవాలి. రెండు ఆలస్యాలు కలిసి ఒక్కటిగా కనిపిస్తాయి. దీన్ని ఆపే బటన్ డాష్‌బోర్డ్ మీద ఉంటుంది, 'ఏ' అక్షరం చుట్టూ బాణం గుర్తుతో. చాలా కార్లలో కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఇది మళ్లీ ఆన్ అయిపోతుంది కాబట్టి హైవే ఎక్కేముందు ఒకసారి చూసుకోవాలి. ఎకో మోడ్ కూడా ఇలాంటిదే. మీ కాలు సగం తొక్కినా ఇంజిన్‌కి తక్కువే అందేలా పెడల్ సెట్టింగ్ మార్చేస్తుంది. సిటీలో పెట్రోల్ మిగులుతుంది, సరే. యూటర్న్‌కి ముందు మాత్రం నార్మల్‌కో, స్పోర్ట్‌కో మార్చుకోవడమే తెలివైన పని.

న్యూట్రల్ అలవాటు సంగతి కూడా చెప్పుకోవాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేసి, గ్రీన్ పడగానే డి లోకి లాగి అదే ఊపులో తొక్కేవాళ్లు ఎక్కువ. డి వేశాక గేరు పడటానికి ఒక సెకను పడుతుంది. ఆ లోపే తొక్కితే ముందు ఆలస్యం, తర్వాత జర్కు. లాంగ్ సిగ్నల్ అయితే న్యూట్రల్ వేసి హ్యాండ్ బ్రేక్ లాగండి, తప్పు లేదు. కాకపోతే టైమర్ 5 లోకి వచ్చేసరికి బ్రేక్ తొక్కి డి వేసి సిద్ధంగా ఉండాలి.

సెల్లార్ ర్యాంప్ మీద వెనక్కి జారితే?

అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి పైకి వచ్చే ర్యాంప్, షాపింగ్ మాల్ పార్కింగ్, తిరుమల, శ్రీశైలం లాంటి ఘాట్ రోడ్లు.. కొత్త డ్రైవర్లకి గుండె జారేది ఇక్కడే. ర్యాంప్ మధ్యలో ముందు కారు ఆగింది, మీరూ ఆగారు. బ్రేక్ వదిలితే కారు వెనక్కి వస్తుంది. కంగారుగా గట్టిగా తొక్కితే పైకి ఎగిరి ముందున్న కారుకో, గోడకో కొడుతుంది. ఆ ఒక్క సెకను తడబాటే ఈ రెండు ప్రమాదాలకీ మూలం.

హిల్ హోల్డ్ ఉన్న కార్లలో బ్రేక్ వదిలాక కూడా 2-3 సెకన్ల పాటు కారు జారకుండా పట్టి ఉంటుంది. ఆ సమయం సరిపోతుంది, కాబట్టి కాలు హడావిడిగా మార్చక్కర్లేదు. అది లేకపోతే పాత పద్ధతే దిక్కు. హ్యాండ్ బ్రేక్ లాగండి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి, కారు ముందుకి లాగుతున్నట్టు, ముక్కు కొంచెం లేచినట్టు తెలిశాక హ్యాండ్ బ్రేక్ దించండి. మాన్యువల్‌లో డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది ఇదే, ఆటోమేటిక్‌లోనూ పనిచేస్తుంది.

కొందరు ఎడమ కాలు బ్రేక్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి లేపాలని చూస్తారు. చాలా కొత్త కార్లలో ఇది అచ్చంగా ఉల్టా అవుతుంది. రెండూ ఒకేసారి తొక్కితే పొరపాటు జరుగుతోందని కంప్యూటర్ అనుకుని ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. కారు ఇంకా తడబడుతుంది. పైగా క్లచ్ అలవాటున్న ఎడమ కాలు బ్రేక్ మీద పడితే ఎంత గట్టిగా తొక్కుతుందో అనుభవమైన వాళ్లకి తెలుసు. ఆ కాలిని డెడ్ పెడల్ మీద పెట్టి మర్చిపోవాలి.

యాక్సిలరేటర్ తొక్కి పెట్టి ఎత్తు మీద కారుని కదలకుండా నిలబెట్టడం ఇంకో దురలవాటు. టార్క్ కన్వర్టర్ అయితే ఆయిల్ వేడెక్కుతుంది. ఏఎంటీ, డ్రై డీసీటీల్లో క్లచ్ ప్లేటు కాలుతుంది. ఘాట్ రోడ్డులో జామ్ అయినప్పుడు పది నిమిషాలు ఇలా చేస్తే కాలిన వాసన మీకే వస్తుంది. ఆ వాసన వస్తే పక్కకి తీసి ఆపాల్సిందే, "పైకి వెళ్లాక చూద్దాం" అనొద్దు.

ఇవి కనిపిస్తే మాత్రం లోపమే

కొన్నప్పటి నుంచి ఒకేలా ఉన్న తడబాటు స్వభావం. ఈ మధ్య కొత్తగా మొదలైనది, లేదా రోజురోజుకీ పెరుగుతున్నది లోపం. మొదటి తేడా ఇదే.

రెండోది, ఆర్పీఎం ముల్లుని చూడండి. తొక్కితే ముల్లు లేవడం లేదు, సౌండూ రావట్లేదు అంటే ఇంజిన్ వైపు చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, థ్రాటిల్ బాడీలో మసి, స్పార్క్ ప్లగ్స్ అరిగిపోవడం, పెట్రోల్‌లో నీళ్లు కలవడం లాంటివి. అన్నిటికంటే ముందు ఒకటి, పైసా ఖర్చు లేనిది: ఫ్లోర్ మ్యాట్. ఒకదాని మీద ఒకటి వేసిన మ్యాట్లు ముందుకి జరిగి యాక్సిలరేటర్ కింద అడ్డం పడితే పెడల్ పూర్తిగా దిగదు. అంతకంటే ఘోరం, పెడల్ అందులో ఇరుక్కుపోవచ్చు కూడా.

ముల్లు లేస్తోంది, సౌండ్ వస్తోంది, కారు మాత్రం కదలట్లేదు అంటే క్లచ్ జారుతున్నట్టు. ఏఎంటీలో అరిగిన ప్లేటు, డీసీటీలో క్లచ్ ప్యాక్, టార్క్ కన్వర్టర్‌లో, సీవీటీలో ఆయిల్ తగ్గడం లేదా పాడవడం. కదిలేటప్పుడు కారంతా వణకడం, డి వేశాక గేరు పడటానికి 2 సెకన్లకు మించి పట్టడం, నడుస్తుండగా దానంతట అదే న్యూట్రల్‌లోకి పోవడం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హైవే ప్రయాణం వాయిదా వేయాలి. చివరిది జరిగితే కారు నడపడమే ఆపి టోయింగ్‌కి ఫోన్ చేయాలి.

ఏఎంటీ కార్లలో చాలామంది పట్టించుకోనిది 12 వోల్టుల బ్యాటరీ. క్లచ్‌ని కదిలించే యాక్చుయేటర్‌కి కరెంట్ కావాలి. బ్యాటరీ వీక్ అయితే ఇంజిన్ స్టార్ట్ అవుతూనే ఉన్నా, గేర్లు పడటంలో విచిత్రాలు మొదలవుతాయి. గేర్‌బాక్స్ విప్పదీయించే ముందు బ్యాటరీ చెక్ చేయించడానికి పది నిమిషాలు చాలు.

సర్వీస్ సెంటర్‌లో "కస్టమర్ డ్రైవింగ్ స్టైల్" అంటే ఏం చేయాలి?

ఈ సమస్యతో వెళ్తే ఎక్కువగా వచ్చే జవాబు ఇదే. సర్వీస్ అడ్వైజర్ ఒక రౌండ్ వేసి వస్తాడు, ఆయనకి బాగానే కదులుతుంది, "అంతా నార్మల్ సార్" అంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు లేని తడబాటు ఇంజిన్ వేడెక్కాక వస్తుంది, ఖాళీ రోడ్డు మీద లేనిది ఎత్తు మీద వస్తుంది.

అందుకే "పికప్ లేదు" అని ఒక్క ముక్క రాయించి రావొద్దు. ఎప్పుడొస్తోంది? పొద్దున స్టార్ట్ చేసిన వెంటనేనా, అరగంట ట్రాఫిక్ తర్వాతా? ఏసీ ఆపితే తగ్గుతోందా? సమతల రోడ్డు మీదా, ఎత్తు మీదా? ఎకో మోడ్ తీసేసి చూశారా? ఇవన్నీ జాబ్ కార్డులో రాయించండి. వీలైతే మీటర్ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయించండి, ముల్లు లేచిందా, కారు ఎప్పుడు కదిలింది అన్నది అందులో తెలిసిపోతుంది. తీయాల్సింది పక్కన కూర్చున్నవాళ్లు, డ్రైవర్ కాదు. మెకానిక్‌ని ఎక్కించుకుని, తడబాటు వచ్చే చోటికే తీసుకెళ్లి చూపించడం ఇంకా మంచిది.

అడగాల్సినవి కూడా ఉన్నాయి. కంప్యూటర్ స్కాన్‌లో ఎర్రర్ కోడ్ ఏమైనా ఉందా, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందా, క్లచ్ ఎంత అరిగింది, హాఫ్ క్లచ్ పాయింట్‌ని మళ్లీ సెట్ చేశారా. ప్లేటు అరిగే కొద్దీ క్లచ్ కలిసే చోటు జరుగుతూ ఉంటుంది, కంప్యూటర్‌కి ఆ కొత్త చోటు నేర్పించాలి. దీనికి స్కానర్ చాలు, విప్పే పని లేదు. చాలా ఏఎంటీ కార్లలో ఒక్క ఈ పనితోనే తేడా కనిపిస్తుంది. క్లచ్ మార్పించాక ఇది చేయకుండా కారు ఇచ్చేస్తే మాత్రం కొత్త క్లచ్ కూడా పాత దానిలాగే తడబడుతుంది.

డబ్బుల సంగతి. గేర్‌బాక్స్, యాక్చుయేటర్ లాంటివి వారంటీలో ఉంటే కవర్ అవుతాయి. క్లచ్ ప్లేటుని మాత్రం సాధారణంగా అరిగే పార్టుల లిస్టులో పెడతారు, బిల్లు మీదే. అందుకే తడబాటు వారంటీ ఉన్నప్పుడే మొదలైతే, చిన్నదైనా సరే, రాతపూర్వకంగా జాబ్ కార్డులో ఎక్కించుకోవాలి. వారంటీ అయిపోయాక "ఇది అప్పటి నుంచీ ఉంది" అని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ని ఐదు నిమిషాల్లో ముగించొద్దు. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక ఫ్లైఓవర్ ర్యాంప్ మీదో, సెల్లార్ ర్యాంప్ మీదో ఆపి మళ్లీ లేపి చూడండి. అమ్మేవాళ్లు అక్కడికి వద్దంటే కారణం అడగండి.